ఇంజను ఏది పెట్టాలి? – పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఇంట్లోనే కట్టుకునే తేలికపాటి విమానాల గురించి, వాటి చట్రం, రెక్కల గురించి కిందటి నెల ఈ పేజీలో రాశాను. ఉత్తరాలు బాగా వచ్చాయి. ఎక్కువమంది ఇంజను గురించే అడిగారు. వైమానిక దళంలో ఇంజన్ ఫిట్టరుగా చేసి, దుండిగల్‌లో హెచ్‌పీటీ-32 శిక్షణ విమానాల 260 హార్స్‌పవర్ లైకమింగ్ ఇంజన్ల మీద పనిచేసి, ఇప్పుడు కావలిలో ఉంటున్న నాకు ఈ ప్రశ్నలంటే ప్రాణం. అందుకే ఈసారి పేజీ మొత్తం ఇంజనుకే ఇచ్చాం.

ప్రశ్న (ఒంగోలు నుంచి ఒక పాఠకుడు): అయ్యా, మేం ముగ్గురు స్నేహితులం. ఒకడికి లేత్ షాపుంది, ఒకడు వెల్డరు, నేను కార్ల మెకానిక్‌ని. ఇద్దరు కూర్చునే విమానం ప్లాన్లు తెప్పించి చట్రం సగానికి పైగా కట్టాం. మనుషులతో, పెట్రోలుతో కలిపి 500 కిలోలు వస్తుందని ప్లాన్లో ఉంది. మా షెడ్డులో మంచి కండిషన్లో మారుతి 800 ఇంజను ఉంది. బెల్టు, పుల్లీలు మేమే చేసుకోగలం. రైట్ సోదరులు సైకిల్ షాపులోనే కదా ఇంజను చేసుకుంది! మేం ఇది పెట్టకూడదా?

జవాబు: తమ్ముడూ, ముందు రైట్ సోదరుల సంగతే చూద్దాం. మీకు కావలసిన జవాబు అక్కడే ఉంది. వాళ్లు ఇంజను దొరికింది కదా అని విమానం కట్టలేదు. రెక్కలెంత, బరువెంత, గాలి ఎంత అడ్డుకుంటుంది అని లెక్క వేసి, ఎనిమిది హార్స్‌పవర్ ఉంటే చాలు, బరువు మాత్రం 90 కిలోలు దాటకూడదు అని తేల్చుకున్నారు. ఆ లెక్క పట్టుకుని కంపెనీలకు ఉత్తరాలు రాశారు. సరైనది ఎక్కడా దొరక్కపోతే అప్పుడు వాళ్ల షాపు మెకానిక్ చార్లీ టేలర్ ఆరు వారాల్లో ఇంజను చేసిపెట్టాడు. 12 హార్స్‌పవర్ వచ్చింది. అంటే 1903లోనే విమానం ఏం అడుగుతుందో తేలాక ఇంజను దగ్గరికి వెళ్లారు. మీరు ఇంజను ముందు పెట్టుకుని అడుగుతున్నారు.

మీ విమానం ఏం అడుగుతుందో లెక్క వేద్దాం. 500 కిలోల బరువు నిమిషానికి 500 అడుగుల చొప్పున పైకి ఎక్కాలంటే, ఆ ఎక్కడానికే దాదాపు 17 హార్స్‌పవర్ కావాలి. అది గాలికి అందవలసిన శక్తి. ఎక్కేటప్పుడు ప్రొపెల్లర్ తనకు వచ్చిన శక్తిలో అరవై శాతం మాత్రమే లాగుడుగా మారుస్తుందనుకుంటే, షాఫ్టు దగ్గర 28 హార్స్‌పవర్ ఉండాలి. పైకి ఎక్కకుండా తిన్నగా ఎగరడానికే ఇంకో పాతికా ముప్పై కావాలి. రెండూ కలిపితే యాభై దాటింది. మారుతి 800లో ఉన్న 796 సీసీ, మూడు సిలిండర్ల ఇంజను ఇచ్చేది చాలా మోడళ్లలో 37 నుంచి 40 లోపు. అదీ ఫుల్ ఆర్‌పీఎం (నిమిషానికి తిరిగే చుట్లు) మీద. మీ విమానం రన్‌వే మీద బాగానే పరుగెత్తుతుంది, బహుశా నేల కూడా వదులుతుంది. తర్వాత ఎదురుగా ఉన్న తాడిచెట్లను దాటే శక్తి ఉండదు. అన్నిటికంటే ప్రమాదం ఇదే. అసలు లేవని విమానం ఎవరి ప్రాణమూ తీయదు. లేచి ఎక్కలేనిది తీస్తుంది.

రెండోది ఆర్‌పీఎం. కారు ఇంజను తన పూర్తి శక్తి ఇచ్చేది 5,000, 5,500 దగ్గర. 60 అంగుళాల ప్రొపెల్లర్‌ను నేరుగా ఆ వేగంతో తిప్పితే దాని కొన సెకనుకు 439 మీటర్ల వేగంతో వెళుతుంది. మన ఎండల్లో ధ్వని వేగమే సుమారు 350. కొన ధ్వని వేగాన్ని దాటిందంటే భయంకరమైన చప్పుడు తప్ప లాగుడు రాదు. అందుకే రిడక్షన్, అంటే ప్రొపెల్లర్ వేగాన్ని ఇంజను వేగం కంటే తగ్గించే ఏర్పాటు, పెడతారు. తేలికపాటి విమానాల కోసం చేసే రోటాక్స్ 912 యుఎల్‌ఎస్ ఇంజను 5,800 దాకా తిరుగుతుంది కానీ, గేరుబాక్సు 2.43 వంతులు తగ్గించి ప్రొపెల్లర్‌ను 2,400 దరిదాపుల్లో ఉంచుతుంది.

బెల్టు, పుల్లీలు మేమే చేసుకుంటాం అన్నారు. మీ లేత్ పనితనం మీద నాకు అనుమానం లేదు. కొలత మైక్రాన్లలో కుదిరినా మిగిలిపోయే సమస్య ఒకటుంది, దాన్ని టార్షనల్ వైబ్రేషన్ అంటారు. సిలిండర్‌లో పెట్రోలు పేలిన ప్రతిసారీ క్రాంక్‌షాఫ్ట్ కొద్దిగా మెలి తిరిగి వెనక్కి వస్తుంది. కారులో క్లచ్చు స్ప్రింగులు, ఫ్లైవీలు, టైర్ల రబ్బరు ఆ మెలికను మింగేస్తాయి. విమానంలో అవతల ఉన్నది పొడవైన, బరువైన ప్రొపెల్లర్. ఇంజను దెబ్బల లయ, షాఫ్టు సొంత లయ ఏదో ఒక ఆర్‌పీఎం దగ్గర కలిశాయంటే ఉక్కు షాఫ్టు కూడా అలసిపోయి తెగుతుంది. బయటికి చప్పుడు మారదు, మీటరు చెప్పదు. దీన్ని కొలవడానికి సాధనాలు కావాలి, గంటల తరబడి నేల మీద పరీక్షించాలి. సుజుకీదే 1,000 సీసీ మూడు సిలిండర్ల ఇంజనుకు అమెరికాలో రిడక్షన్ డ్రైవులు తయారుచేసి అమ్మారు, వాటితో చాలామంది ఎగిరారు కూడా. కాబట్టి కారు ఇంజనుతో ఎగరడం అసాధ్యమని నేను అనను. ఆ డ్రైవు మొదటిసారి కనిపెట్టే పని మీరు పెట్టుకోవద్దంటున్నాను.

మూడోది పని భారం. మీరు ఒంగోలు నుంచి నెల్లూరుకు హైవే మీద 70లో వెళుతుంటే ఆ ఇంజను వాడే శక్తి పది పదిహేను హార్స్‌పవర్‌కు మించదు. విమానంలో టేకాఫ్‌కు మొత్తం, ఆ తర్వాత గంటల తరబడి మూడొంతుల శక్తి ఇస్తూనే ఉండాలి. రేడియేటర్, ఆయిలు, వాల్వులు, బేరింగులు దానికి తట్టుకోవాలి. పైగా నేరుగా బిగిస్తే ప్రొపెల్లర్ క్రాంక్‌షాఫ్టును ముందుకు లాగుతూ ఉంటుంది. కారు ఇంజనులో ఆ దిక్కున వచ్చే ఒత్తిడి క్లచ్చు తొక్కినప్పటిది మాత్రమే. దానికి సరిపడా థ్రస్టు వాషర్లే వేసి ఉంటారు. ఇక ఇగ్నిషన్. విమానం ఇంజనులో సిలిండరుకు రెండు ప్లగ్గులు, వాటికి ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు సర్క్యూట్లు ఉంటాయి. ఒకటి చచ్చినా రెండోది ఇంటికి చేరుస్తుంది. మీ దానికి ఉన్నది ఒక్కటే.

మీ ప్లాన్లు గీసిన డిజైనర్ ఏ ఇంజన్లు పెట్టవచ్చో రాసే ఉంటాడు. 500 కిలోల రెండు సీట్ల విమానాలకు మామూలుగా కనిపించేవి 80 హార్స్‌పవర్ రోటాక్స్ 912 యుఎల్, 100 హార్స్‌పవర్ 912 యుఎల్‌ఎస్, ఆస్ట్రేలియా నుంచి వచ్చే జబిరు 2200, పాతకాలపు కాంటినెంటల్ ఓ-200. చివరి రెండింటికీ గేరుబాక్సు లేదు, ప్రొపెల్లర్ నేరుగా క్రాంక్‌షాఫ్టు మీదే కూర్చుంటుంది. ఆ జాబితాలో ఉన్నదే పెట్టండి. డబ్బు ఎక్కువే, నాకు తెలుసు. చట్రం పూర్తి చేయడానికి ఎలాగూ సమయం పడుతుంది, ముగ్గురూ కలిసి ఈలోపు కూడబెట్టండి. తక్కువ ఖర్చులో గాల్లోకి వెళ్లాలనే ఉంటే ఒక్క సీటు విమానం వైపు చూడండి. ఫ్రాన్సులో పుట్టిన డ్రూయిన్ టర్బులెంట్ లాంటి చిన్న విమానాలు ఫోక్స్‌వ్యాగన్ కారు ఇంజనును మార్చి పెట్టుకుని, 30, 40 హార్స్‌పవర్‌తోనే దశాబ్దాలుగా ఎగురుతున్నాయి.

ప్రశ్న (నెల్లూరు నుంచి ఒక పాఠకుడు): నా విమానం 100 హార్స్‌పవర్ రోటాక్స్ కోసం డిజైన్ చేసింది. తెలిసినవాళ్ల దగ్గర 150 హార్స్‌పవర్ లైకమింగ్ ఓ-320 సెకండ్‌హ్యాండులో వస్తోంది. పవర్ ఎక్కువైతే మంచిదే కదా సార్?

జవాబు: మంచిది కాదు. రోటాక్స్ 912 యుఎల్‌ఎస్ ఒక్కటీ 60 కిలోల లోపు, రేడియేటర్, ఆయిల్ ట్యాంకు, సైలెన్సర్ అన్నీ కలిపితే 70 పైచిలుకు. ఓ-320 ఒక్కటే 110 కిలోల దగ్గర ఉంటుంది. 40 కిలోలు తేడా అనుకోండి. మీ ఖాళీ విమానం 300 కిలోలు, ఇంజను గురుత్వ కేంద్రానికి 1.2 మీటర్లు ముందు ఉందనుకుంటే, ఆ 40ని 1.2తో గుణించి కొత్త బరువు 340తో భాగించండి. గురుత్వ కేంద్రం 14 సెంటీమీటర్లు ముందుకు జరిగింది. 1.2 మీటర్ల వెడల్పు రెక్కకు అటూ ఇటూ జరగడానికి ఉండే చోటే మొత్తం 18 సెంటీమీటర్లు ఉంటే గొప్ప. ఇక దిగేటప్పుడు స్టిక్కు పూర్తిగా వెనక్కి లాగినా ముక్కు లేవదు.

తోకలో సీసం కడతాం అంటారు కొందరు. అప్పుడు మొత్తం బరువు ఇంకా పెరిగింది, మీరూ మీ పక్కన కూర్చునే మనిషీ తగ్గాలి. పెట్రోలు ఎక్కువ తాగుతుంది, ట్యాంకు చాలదు. ముందు చక్రం, ఇంజనును పట్టి ఉంచే మౌంటు, ఫైర్‌వాల్ (ఇంజనుకూ మనం కూర్చునే చోటుకూ మధ్య ఉండే అడ్డురేకు) దగ్గర చట్రం, ఇవన్నీ 70 కిలోలకు లెక్కవేసి గీసినవి. ఆ ఇంజను అంత బాగుంటే, దానికోసమే గీసిన విమానం కట్టుకునే వాళ్లకు పోనివ్వండి.

ప్రశ్న (కోవూరు నుంచి ఒక పాఠకుడు): అన్నా, ఒక్క సీటు విమానానికి వాడిన రోటాక్స్ 582 చూశాను, ధర తక్కువ. వాడిన 912 కూడా ఒకటి ఉంది, ధర మూడింతలు. కొనేటప్పుడు ఏం చూడాలి? పెట్రోలు బంకులో పోసే పెట్రోలు పనికొస్తుందా?

జవాబు: 582 టూ-స్ట్రోక్, 65 హార్స్‌పవర్, బరువుకు తగ్గ శక్తి ఇచ్చే చురుకైన ఇంజను. కంపెనీ చెప్పిన ఓవర్‌హాల్ (మొత్తం విప్పి బాగుచేయడం) గడువు 300 గంటలు. 912కు అది 2,000 గంటలు, లేదా 15 ఏళ్లు, ఏది ముందైతే అది. ధర మూడింతలంటున్నారు కదా, గంటకు ఎంత పడిందో చూస్తే 912 ఖరీదైనదేమీ కాదు.

టూ-స్ట్రోక్ విషయంలో కోవూరులో ఉన్న మీకు ప్రత్యేకంగా చెప్పాల్సింది ఒకటుంది. దాని క్రాంక్ బేరింగులకు ఆయిల్ సంపు ఉండదు, పెట్రోలుతో కలిసి వచ్చే ఆయిలే గతి. నెలల తరబడి తిప్పకుండా షెడ్డులో పెడితే సముద్రపు ఉప్పుగాలికి ఆ బేరింగులు తుప్పు పడతాయి. పైకి కొత్తదానిలా మెరుస్తుంటుంది. విప్పి చూడనిదే కొనకండి. ఎగిరేటప్పుడు కూడా దాని మనసు తెలుసుకుని నడపాలి. థ్రాటిల్ మూసి చాలాసేపు కిందికి జారి, ఒక్కసారిగా ఫుల్ తెరిస్తే పిస్టన్ వేడికి ఉబ్బుతుంది, చల్లబడ్డ సిలిండర్ ఉబ్బదు, పట్టేస్తుంది.

912 కొనేటప్పుడు లాగ్‌బుక్కు లేకపోతే గంటలు ఎన్ని చెప్పినా నమ్మకండి. ప్రొపెల్లర్ ఎప్పుడైనా నేలకు తగిలిందా, తగిలితే గేరుబాక్సు విప్పి చూశారా అని అడగండి. రబ్బరు సామాను, అంటే గొట్టాలు, కార్బురేటర్ ఫ్లేంజీలు లాంటివన్నీ అయిదేళ్లకు ఒకసారి మార్చాలని కంపెనీయే చెబుతోంది. మార్చి ఉండకపోతే ఆ ఖర్చు ధరలోంచి తగ్గించమనండి.

ఇక పెట్రోలు. 80 హార్స్‌పవర్ 912కు కనీసం 90 ఆక్టేన్, 100 హార్స్‌పవర్ దానికి 95 ఉండాలి. ఆక్టేన్ కంటే ఇప్పుడు మనకు పెద్ద సమస్య ఇథనాల్. రోటాక్స్ 10 శాతం దాకా ఒప్పుకుంటుంది. మన బంకుల్లో ఇప్పుడు వస్తున్నది 20 శాతం కలిపిన ఇ-20. ఇథనాల్ గాలిలోని తేమను లాగుతుంది, మన తీరంలో తేమకు కొదవ లేదు. నీరు ఎక్కువైతే ఇథనాల్, నీరు కలిసి అడుగున వేరే పొరగా దిగుతాయి. ఇంజను ముందుగా తాగేది ఆ అడుగున ఉన్నదాన్నే. కొన్ని రకాల ఫైబర్‌గ్లాస్ ట్యాంకుల రెసిన్‌ను, పాత రబ్బరును కూడా అది మెత్తబరుస్తుంది.

మీరే పరీక్షించుకోవచ్చు. గీతలున్న సన్నటి గాజు జాడీలో పది మిల్లీలీటర్ల నీళ్లు, తొంభై పెట్రోలు పోసి, మూత బిగించి బాగా కుదిపి పక్కన పెట్టండి. తేరుకున్నాక అడుగున నీళ్లు పది గీత దగ్గరే ఉంటే ఇథనాల్ లేదు. ఎంత పెరిగితే రమారమి అంత ఉన్నట్టు. విమానాల పెట్రోలు అవ్‌గ్యాస్ 100 ఎల్ఎల్ వాడవచ్చు. 2022 నుంచి ఇండియన్ ఆయిల్ గుజరాత్ రిఫైనరీలో మన దేశంలోనే తయారుచేస్తోంది. అందులో సీసం ఉంటుంది కాబట్టి ఆయిలు, ప్లగ్గులు మామూలు కంటే తొందరగా మార్చాలి.

ప్రశ్న (టంగుటూరు నుంచి ఒక పాఠకుడు): మా ఇంజను వచ్చేసింది, మౌంటు కూడా డిజైనర్ దగ్గర్నుంచే తెప్పించాం. బిగించేటప్పుడు ఎక్కడ ఎక్కువ జాగ్రత్త పడాలి?

జవాబు: అభినందనలు. ఇంజను, మౌంటు కూడా డిజైనర్ చెప్పినవే పెట్టుకున్నందుకు మరీ సంతోషం. ఇలాంటి విమానాల్లో గాల్లో ఇంజను ఆగిపోయిందని విన్నప్పుడల్లా మొదట చూడాల్సింది ఇంజను లోపల కాదు, దాని చుట్టూ మనం బిగించిన గొట్టాలు, తీగలు, ట్యాంకు. లోపలిది ఫ్యాక్టరీ చేసింది, బయటిది మన చేతి పని. కాబట్టి మీరు ఎక్కువ రోజులు పెట్టాల్సింది పెట్రోలు దారి మీద.

ట్యాంకు నుంచి మొదలుపెట్టండి. ట్యాంకులోకి గాలి వచ్చే వెంటు గొట్టం మూసుకుపోతే పెట్రోలు కాసేపు వచ్చి ఆగిపోతుంది. మన షెడ్లలో మట్టిగూళ్లు కట్టే కందిరీగలకు సన్నటి గొట్టం కనిపిస్తే చాలు. వెంటు చివర సన్నటి జాలీ కట్టండి, ఎగిరే ప్రతిరోజూ చూడండి. దారిలో అన్నిటికంటే కిందున్న చోట గ్యాస్కొలేటర్, అంటే నీళ్లూ మురికీ దిగే గిన్నె, పెట్టండి. ఎగిరే ముందు దాన్నుంచి కొంచెం గాజు సీసాలోకి వదిలి వెలుతురుకు పట్టి చూడాలి. గొట్టాలు సైలెన్సర్‌కు దూరంగా పోనివ్వండి, ఫైర్‌వాల్ ముందున్న గొట్టాలకు నిప్పు తట్టుకునే తొడుగు వేయండి. దిగి పావుగంట ఆగి మళ్లీ బయల్దేరేటప్పుడే మన ఎండల్లో ఇబ్బంది వస్తుంది. కౌలింగ్, అంటే ఇంజను మీది మూత, లోపల వేడి పైకెక్కి, గొట్టంలో పెట్రోలు మరిగి ఆవిరవుతుంది, పంపుకు ఆవిరి అందుతుంది. ఇంజను మాన్యువల్లో చెప్పిన రిటర్న్ లైన్, అంటే మిగిలిన పెట్రోలును ట్యాంకుకు తిరిగి పంపే గొట్టం, తప్పకుండా పెట్టండి. పని పెంచుతుందని వదిలేసేవాళ్లు ఉన్నారు, మీరు వదలొద్దు.

తర్వాత ప్రవాహం పరీక్ష. 912 యుఎల్‌ఎస్ టేకాఫ్ శక్తి దగ్గర గంటకు 27 లీటర్లు తాగుతుందనుకోండి. పంపుతో వచ్చే దారి అయితే దానికి ఒకటింపావు వంతు, అంటే గంటకు 34 లీటర్లు పారాలి. పంపు లేకుండా రెక్కలోని ట్యాంకు నుంచి కిందికి దిగేదైతే ఒకటిన్నర వంతు, గంటకు 40 పైన. విమానం తోకను కిందికి దించి, ముక్కును ఎక్కేటప్పుడు ఎంత లేస్తుందో అంత లేపి, ట్యాంకులో కొంచెమే పెట్రోలు ఉంచి, కార్బురేటర్ దగ్గర గొట్టం విప్పి సీసాలోకి వదలండి. 40 అంటే నిమిషానికి లీటరులో మూడింట రెండొంతులు. చేతిలో గడియారం, లీటరు సీసా ఉంటే సరిపోయే పరీక్ష ఇది. నెమ్మదిగా వచ్చిందంటే ఎక్కడో గొట్టం నలిగింది, లేకపోతే సన్నమైంది. అది నేల మీద తెలిసినందుకు సంతోషించండి. ఇక ఆ చుట్టుపక్కల సిగరెట్టు, ఫోను, గ్రైండరు ఏవీ వద్దు.

ఫైర్‌వాల్‌కు 0.38 మిల్లీమీటర్ల స్టెయిన్‌లెస్ స్టీలు రేకు వాడతారు. మీరు దానికి పెట్టే ప్రతి బెజ్జాన్నీ నిప్పుకు తట్టుకునే సీలంటుతో మూయాలి. కరెంటు పనివాళ్లు వాడే ప్లాస్టిక్ బుష్షులు అక్కడ వద్దు. నైలాన్ రింగున్న నట్లు కూడా ఫైర్‌వాల్ ముందు వాడకూడదు, వేడికి నైలాన్ మెత్తబడితే నట్టుకు పట్టు ఉండదు. మొత్తం లోహంతో చేసిన లాక్‌నట్లు, లేదా కిరీటం నట్టుకు స్ప్లిట్ పిన్ను. లాక్‌వైరు, అంటే బోల్టులు వదులు కాకుండా కట్టే తీగ, వేయడం నేర్చుకోండి, చూసి నేర్చుకోగలిగిన పనే.

చల్లదనం గురించి రెండు ముక్కలు. చాలామంది ముక్కు దగ్గర గాలి లోపలికి వచ్చే రంధ్రాలు పెద్దవి చేస్తారు. వచ్చిన గాలి వేడెక్కి వ్యాకోచిస్తుంది, కాబట్టి బయటికి పోయే దారే లోపలికి వచ్చే దారి కంటే పెద్దదిగా ఉండాలి. రేడియేటర్ పక్కల నుంచి గాలి తప్పించుకుపోకుండా రబ్బరు పట్టీలతో మూయండి. 912 యుఎల్‌ఎస్‌లో ఆయిలు 50 డిగ్రీలు చేరేదాకా టేకాఫ్ శక్తి ఇవ్వకూడదు, పైన 130 దాటకూడదు. మధ్యలో ఇంకో సంగతి చాలామందికి తెలియదు. ఎగిరిన ప్రతిసారీ ఆయిలు ఒక్కసారైనా 100 డిగ్రీలు తాకాలి, అప్పుడే లోపల పేరుకున్న తేమ ఆవిరై పోతుంది.

రోహిణి కార్తెలో ఎగరాలనుకుంటే ఇది కూడా గుర్తుంచుకోండి. 43 డిగ్రీల ఎండలో గాలి సాంద్రత 15 డిగ్రీలప్పటి కంటే 9 శాతం తక్కువ. సముద్రమట్టానికి దగ్గర్లోనే ఉన్న మన నేల మీద విమానానికి మూడు వేల అడుగులకు పైన ఉన్నట్టే ఉంటుంది. ఇంజను శక్తి తగ్గుతుంది, ప్రొపెల్లర్ లాగుడు తగ్గుతుంది, రెక్క ఎత్తడానికి ఎక్కువ పరుగు కావాలి, మూడూ ఒకేసారి. వేసవిలో తెల్లవారాక మొదటి గంటలోనే పని ముగించుకోండి.

ప్రశ్న (నెల్లూరు నుంచి ఒక ఇంజనీరింగ్ విద్యార్థిని): సార్, ఈ పెట్రోలు గొడవలన్నీ లేకుండా ఎలక్ట్రిక్ మోటారు పెట్టుకోవచ్చు కదా?

జవాబు: మోటారు వరకు అద్భుతం తల్లీ. సమస్య బ్యాటరీది. కిలో పెట్రోలులో సుమారు 12,000 వాట్ అవర్ల శక్తి ఉంటుంది. ఇంజను అందులో పావు వంతే షాఫ్టుకు ఇస్తుందనుకున్నా 3,000 మిగులుతాయి. మంచి లిథియం బ్యాటరీ కిలోకు 200 నుంచి 250. స్లొవేనియాలో తయారైన పిపిస్ట్రెల్ వెలిస్ ఎలక్ట్రో 2020లో యూరప్‌లో టైప్ సర్టిఫికెట్ పొందిన మొదటి పూర్తి ఎలక్ట్రిక్ విమానం. అది ఎగిరేది 50 నిమిషాల దాకా. రన్‌వే చుట్టూ తిరిగే శిక్షణకు సరిపోతుంది. బ్యాటరీల గురించి చదువుతూనే ఉండండి, మీ తరం ఆ లెక్క మారుస్తుందని నా నమ్మకం.

ప్రశ్న (సింగరాయకొండ నుంచి ఒక పాఠకుడు): మా దగ్గర హైవే మీద విమానాలు దిగడానికి రోడ్డు వేశారు. తెల్లవారుజామున అక్కడ ఒకసారి పరుగు మాత్రం పెట్టి చూసుకోవచ్చా?

జవాబు: వద్దు. ఎన్‌హెచ్-16 మీద అలాంటి చోట్లు అత్యవసర వేళల్లో వైమానిక దళం కోసం. కొరిశపాడు దగ్గర 2022 డిసెంబరులో వాళ్లు ట్రయల్ చేసినప్పుడు కూడా ట్రాఫిక్ ఆపి, అన్ని ఏర్పాట్లతో చేశారు. పరుగు మాత్రమే అని మొదలుపెట్టిన తేలికపాటి విమానం చిన్న గాలికే లేచిపోతుంది, అప్పుడు మీరు అనుకోకుండా పైలట్ అయిపోతారు.

పౌర విమానాలను నియంత్రించే ప్రభుత్వ సంస్థ డీజీసీఏ దగ్గర రిజిస్ట్రేషన్, ఎగరడానికి పర్మిట్, మీకు లైసెన్సు, ఈ మూడూ లేకుండా ఏ రన్‌వే మీదా పని లేదు. ముంబైలో మేడ మీద విమానం కట్టిన కెప్టెన్ అమోల్ యాదవ్ స్వయంగా పైలట్, అయినా ఆయన విమానానికి వీటీ-ఎన్‌ఎండీ అన్న రిజిస్ట్రేషన్ వచ్చేసరికి 2017 అయింది. కట్టడం మొదలుపెట్టక ముందే డీజీసీఏకు రాయండి. ప్రతి దశలో ఫొటోలు, బిల్లులు, వెల్డింగు రికార్డులు దాచండి.

ప్రశ్న (అల్లూరు నుంచి ఒక పాఠకుడు): వచ్చే నెల మా 912ను మొదటిసారి స్టార్టు చేస్తున్నాం. టెన్షన్‌గా ఉంది. ఏ వరసలో చేయాలి?

జవాబు: ఆ టెన్షన్ ఉండటమే మంచిది. ముందు ఇగ్నిషన్ రెండూ ఆఫ్‌లో పెట్టి, ప్లగ్గులు ఒక వరస తీసి, మాన్యువల్లో చెప్పినట్టు ఆయిలు దారిలో గాలి పోయి ప్రెషర్ మీటరు కదిలేదాకా ప్రొపెల్లర్‌ను చేత్తో తిప్పండి. తిరిగే దిక్కులోనే తిప్పాలి, వెనక్కి అసలు తిప్పొద్దు, వెనక్కి తిప్పితే ఆయిలు దారిలోకి గాలి చేరుతుంది. ప్లగ్గులు మళ్లీ బిగించాక ఆయిలు మట్టం చూడాలంటే ట్యాంకులో గుడగుడమనే చప్పుడు వచ్చేదాకా అలాగే తిప్పి, అప్పుడు డిప్‌స్టిక్ తీయండి. చప్పుడు రాకముందు చూసిన మట్టం తప్పు. స్విచ్చు ఆఫ్‌లో ఉన్నా ప్రొపెల్లర్‌ను బతికున్నదిగానే చూడాలి, ఆఫ్ చేసే తీగ తెగి ఉంటే ఇంజను అంటుకోగలదు.

మెత్తటి మన్ను, కంకర లేని చోటు చూసుకోండి, రాళ్లు ప్రొపెల్లర్‌ను తినేస్తాయి. తోకను లారీ చాసిస్‌కో, లోతుగా పాతిన స్తంభానికో తాడుతో కాదు, గొలుసుతో కట్టండి. చక్రాలకు దిమ్మెలు పెట్టండి. ఈ ఇంజను కార్బురేటర్లలో స్ప్రింగులు థ్రాటిల్‌ను తెరిచే వైపు లాగుతాయి, అంటే కేబులు ఊడితే ఇంజను తగ్గదు, ఫుల్ అయిపోతుంది. గొలుసు అందుకే. లోపల ఒకరు, మంటలార్పే సిలిండరుతో ఒకరు పక్కన, పిల్లల్ని, చుట్టాలను దూరంగా ఆపడానికి ఇంకొకరు. ప్రొపెల్లర్ తిరిగే తలానికి ఎదురుగా గానీ, పక్కన గానీ ఎవరూ నిలబడకూడదు.

స్టార్టు అయిన పది సెకన్లలో ఆయిలు ప్రెషర్ రాకపోతే ఆపేయండి. వస్తే రెండు వేల దగ్గర కాసేపు, తర్వాత 2,500 దగ్గర ఉంచి ఆయిలు 50 డిగ్రీలు చేరనివ్వండి. అప్పుడు ఒక్కో ఇగ్నిషన్ ఆఫ్ చేసి ఆర్‌పీఎం ఎంత పడిందో రాసుకోండి. ఆపాక కౌలింగ్ విప్పి ప్రతి జాయింటునూ తుడిచిన చేత్తో తాకి చూడండి, తడి ఎక్కడ తగిలితే అక్కడ పని ఉంది. రెండో స్టార్టు ఆ రోజు వద్దు. బోల్టులు చల్లారాక టార్క్ రెంచితో మళ్లీ ఒకసారి చూసి, మర్నాడు మొదలుపెట్టండి. ఆర్‌పీఎం, ప్రెషర్, ఉష్ణోగ్రతలు రాసుకున్న కాగితం ఫొటో తీసి పంపితే చూసి జవాబు రాస్తాను.